నర్సు కాబోయే పిల్లకు పదో తరగతి లెక్కలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పది రోజులు మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకే తీరు పంపకం జరుగుతుంది. అబ్బాయికి ఎంపీసీ. బాగా చదివే అమ్మాయికి బైపీసీ పెట్టించి నీట్ కోచింగ్. మార్కులు అంతంతమాత్రంగా వచ్చిన అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి, ‘దీనికి లెక్కలు ఎలాగూ రావు, నర్సింగ్‌లో వేసేద్దాం, తొందరగా ఉద్యోగం వస్తుంది’ అంటారు. ఈ మాటలో రెండు పొరపాట్లు ఉన్నాయి. లెక్కలు రాని పిల్లకు నర్సింగ్ సరిపోతుందనుకోవడం ఒకటి. నర్సింగ్‌కు సిద్ధపడటమంటే వీలైనంత తొందరగా ఏదో ఒక ఆరోగ్య కోర్సులో చేరిపోవడమేనని అనుకోవడం రెండోది. హైస్కూల్లో ఉండగా నర్సింగ్ వృత్తికి ఎలా తయారు కావాలన్న ప్రశ్నను నిబంధనలు, పాఠాలు, పని స్వభావం, జీతం అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు తేలింది ఇది: ఎనిమిది నుంచి పది వరకు పిల్ల చేయవలసింది మామూలు చదువును గట్టిగా చదవడం, డిగ్రీకి పోయే తలుపు మూసుకుపోకుండా చూసుకోవడం, పెద్దల పర్యవేక్షణలో ఆ పనిని కాస్త దగ్గరగా చూడటం. వృత్తిలో ముందే చేరిపోవడం ఈ తయారీకి ప్రత్యామ్నాయం కాదు, చాలాసార్లు అడ్డు కూడా.

ముందు నిబంధనల సంగతి. మన దేశంలో నర్సు కావడానికి ప్రధానంగా మూడు మెట్లున్నాయి. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. భారత నర్సింగ్ కౌన్సిల్ నియమాల ప్రకారం బీఎస్సీకి ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు చదివి ఉండాలి, సైన్సు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఇందులో 5 శాతం సడలింపు ఉంది. జీఎన్ఎంకు ఏ గ్రూపు వాళ్లయినా ఇంగ్లీషు పాసై 40 శాతం తెచ్చుకుంటే చాలు, సైన్సు వాళ్లకు ప్రాధాన్యం. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఒకప్పుడు పదో తరగతితోనే దొరికిన ఏఎన్ఎం, జీఎన్ఎం సీట్లకు ఇప్పుడు ఇంటర్ తప్పనిసరి. అమ్మమ్మల కాలం నాటి సమాచారం మీద మనవరాలికి సలహా ఇచ్చేవాళ్లు ఈ ఒక్క మార్పునైనా గుర్తుంచుకోవాలి. కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నియమాల్లో ప్రవేశ పరీక్ష కూడా చేరింది. అందులో నర్సింగ్ పట్ల మొగ్గు, భౌతికం, రసాయనం, జీవశాస్త్రం, ఇంగ్లీషు ఒక్కోదానికి 20 మార్కుల చొప్పున ఉన్నాయి. తెలంగాణలో ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకును బీఎస్సీ నర్సింగ్ ప్రవేశాలకు లెక్కలోకి తీసుకుంటున్నారు. సైనిక ఆసుపత్రుల కాలేజీల్లో అమ్మాయిలకున్న బీఎస్సీ సీట్లకు నీట్ స్కోరు కావాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. ఇవాళ ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల ఇంటర్ పూర్తి చేసేనాటికి పరీక్ష పేరు, తీరు మళ్లీ మారవచ్చు. కాబట్టి పరీక్షను లక్ష్యంగా పెట్టుకుని ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్ అమ్మేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. ఏ పరీక్ష వచ్చినా ప్రధానంగా అడిగేది ఆ సబ్జెక్టులే.

అసలు చిక్కు పదో తరగతి తర్వాత వచ్చే మొదటి మలుపులో ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అనే రెండేళ్ల కోర్సు ఉంది. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లోనూ కొన్నిచోట్ల దీన్ని పెట్టారు. ఈ పేరు వెనక 1973 నాటి కర్తార్ సింగ్ కమిటీ ఉంది. మలేరియాకు ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు అని విడివిడిగా తిరిగే సిబ్బంది బదులు అన్ని పనులూ చూసే కార్యకర్తలుండాలని, ఏఎన్ఎంలను ఆ చట్రంలోకి తేవాలని ఆ కమిటీ చెప్పింది. ఊరికి ఆ ఆలోచన మేలు చేసింది. పదిహేనేళ్ల పిల్లకు మాత్రం ఈ కోర్సు విషయంలో ఎవరూ ముందే చెప్పని ఒక షరతు ఉంది. ఇందులో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు బైపీసీలో చెప్పినట్టు ఉండవు. తర్వాత బీఎస్సీలో చేరాలంటే బ్రిడ్జి కోర్సు పరీక్షలు విడిగా రాసి పాసవ్వాలి. చదివిన సంస్థకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా లేదా అన్నదాన్ని బట్టి రిజిస్ట్రేషన్ సంగతి తేలుతుంది. బ్రిడ్జి కోర్సు అనే మాట చేరేటప్పుడు చిన్నదిగా వినపడుతుంది. రెండేళ్లు ఇంజెక్షన్లు, టీకాల రిజిస్టర్లు, తల్లీబిడ్డల సంరక్షణ చదివిన పిల్ల ఒక్కసారిగా కర్బన రసాయనం, కాంతి పాఠాలు తనంతట తానే చదువుకోవాల్సి వచ్చినప్పుడు గానీ దాని బరువు తెలియదు.

దీనికి బలమైన అభ్యంతరం పేదరికం నుంచి వస్తుంది. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డను ఇంటర్ రెండేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు ఆగమనడం కడుపు నిండినవాళ్ల సలహా కాదా? పద్దెనిమిదేళ్లకే ఏదో ఒక ఆసుపత్రిలో చేరి నెలకు నాలుగు రూపాయలు తెచ్చుకుంటే తప్పేముంది? తప్పేమీ లేదు. ఆ కోర్సు చదివి సబ్ సెంటర్లలో, చిన్న ఆసుపత్రుల్లో ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తున్న వేలమందిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరం కోర్సు మీద కాదు, దాని షరతులు చెప్పకుండా పిల్లను అందులో దించడం మీద. ఇంట్లో నిజంగా రెండేళ్లకు మించి ఆగలేని పరిస్థితి ఉంటే ఒకేషనల్ తీసుకోవడం వివేకమే. అప్పుడు బ్రిడ్జి పరీక్షలను మొదటి ఏడాది నుంచే చదువులో భాగంగా పెట్టుకోవాలి. అలాంటి పరిస్థితి లేని ఇళ్లలోనూ ‘నర్సింగే కదా, బైపీసీ ఎందుకు’ అనే ధోరణిలో పిల్లను అటు పంపడం జరుగుతోంది. బైపీసీ చదివిన పిల్ల బీఎస్సీకి పోవచ్చు, డబ్బు చాలకపోతే జీఎన్ఎంకు పోవచ్చు, మనసు మారితే ఫార్మసీకో వ్యవసాయానికో పోవచ్చు. ఒకేషనల్ చదివిన పిల్లకు ఇన్ని దారులు అంత తేలిగ్గా దొరకవు. ఉద్యోగ దశలో ఈ తేడా ఇంకా కళ్లకు కడుతుంది. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకు జీఎన్ఎం అయినా బీఎస్సీ అయినా పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య కేంద్రాల కోసం పెట్టిన మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టుకు మాత్రం బీఎస్సీ నర్సింగ్ కావాల్సి వచ్చింది. అలాంటి కేంద్రాలు ఆ రాష్ట్రంలో 10 వేలకు పైనే. సొంత ఊరికి దగ్గర్లో డాక్టరు లేని చోట రోగిని మొదట చూసే ఉద్యోగం అది. జీఎన్ఎం చదివినవాళ్లకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ అనే దారి ఉంది కానీ అది మళ్లీ చదువు, మళ్లీ ఖర్చు.

ఇక లెక్కలు. మామూలుగా బైపీసీ తీసుకున్న పిల్లకు పదో తరగతితో గణితం అయిపోతుంది. ఆ తర్వాత ఇంటర్‌లో ఉండదు, నర్సింగ్ కాలేజీలో గణితమనే సబ్జెక్టు ఉండదు. అంటే వార్డులో ముప్పై ఏళ్లు వాడబోయే లెక్కంతా పదో తరగతి లోపు నేర్చుకున్నదే. ఆ లెక్క ఎంత? ఒక ఉదాహరణ చూద్దాం. డాక్టరు 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని రాశారు. పంపు లేదు, చక్రం తిప్పి చుక్కలు సరిచేసే మామూలు సెట్టే ఉంది. దాని ప్యాకెట్ మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని అచ్చువేసి ఉంటుంది. 500ను 20తో గుణిస్తే 10 వేల చుక్కలు, నాలుగు గంటలంటే 240 నిమిషాలు, భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే పసిపిల్లలకు వాడే 60 చుక్కల సెట్ అయితే నిమిషానికి 125. ఏడో తరగతి నిష్పత్తి, అనుపాతం పాఠం దాటని లెక్క ఇది. అయినా నైట్ డ్యూటీలో ఒక్కతే ఉండి, అటు ఒక పడక దగ్గర బంధువులు కేకలు వేస్తుంటే, చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టే మనిషికి ఇది కాగితం మీద లెక్క కాదు. తడుముకోకుండా రావాలి, వచ్చిన జవాబు సబబుగా ఉందో లేదో మనసుకు తట్టాలి.

ఇన్సులిన్ విషయం ఇంకా ప్రమాదకరం. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో ఉంటుంది, 100 యూనిట్లదీ వాడుకలో ఉంది. దేని సిరంజి దానిదే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. రోగికి 20 యూనిట్లు ఇవ్వాలి. సీసా 40ది, చేతికి దొరికింది నారింజ మూత సిరంజి. అందులో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 0.2 మిల్లీలీటర్లు, అంటే 8 యూనిట్లే. చక్కెర దిగదు. తిరగేస్తే కథ ఇంకోలా ఉంటుంది. 100 బలం ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే 0.5 మిల్లీలీటర్లు, అంటే 50 యూనిట్లు. రోగికి చెమటలు పట్టి స్పృహ తప్పే మోతాదు అది. మూత రంగు గుర్తుపెట్టుకోవడం మంచి అలవాటే గానీ, గీతకూ ఘనపరిమాణానికీ బలానికీ ఉన్న సంబంధం అర్థమైన మనిషి చేయి రంగు మారిన చోట దానంతటదే ఆగుతుంది. పిల్లల వార్డులో జ్వరం మందుదీ ఇదే వరస. పది కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ అంటే 150 మిల్లీగ్రాములు. సిరప్ 5 మిల్లీలీటర్లలో 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు, 120 ఉన్నదైతే 6.25. రెండూ ఒకే షాపులో ఒకే అరలో ఉంటాయి.

ఇవన్నీ కాలేజీలో నేర్పరా, హైస్కూల్లో ఎందుకు తొందర అని అడగవచ్చు. నేర్పుతారు, మోతాదు లెక్కలు సిలబస్‌లో ఉన్నాయి. కానీ అక్కడ నేర్పేది సూత్రం. భిన్నాలు, దశాంశాలు, శాతాలు, యూనిట్ల మార్పిడి పిల్లకు వచ్చనే నమ్మకంతో సూత్రం చెబుతారు. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య వెయ్యి రెట్ల తేడా చేతికి అలవాటు కాని పిల్ల సూత్రాన్ని బట్టీ పడుతుంది, దశాంశ బిందువు ఒక స్థానం జరిగినా గుర్తుపట్టదు. అందుకే తొమ్మిది, పది తరగతుల్లో నర్సు కావాలనుకునే పిల్లకు గణితంలో ఎక్కువ సాయం అందాలి. మన బడుల్లో జరిగేది దీనికి తలకిందులు. బైపీసీకి పోయే పిల్ల కదా, పాస్ మార్కులొస్తే చాలని వదిలేస్తారు. ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్‌ను దీపం పట్టుకున్న అమ్మగా మాత్రమే మన పాఠ్యపుస్తకాలు గుర్తుపెట్టుకున్నాయి. 1858లో లండన్ గణాంక శాస్త్ర సంఘం ఆమెను తన తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకుంది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే అంటురోగాలతో ఎక్కువగా చనిపోయారని ఆమె గీసిన పటాలు ప్రభుత్వాన్ని కదిలించాయి. ఉపన్యాస పోటీల్లో దీపం గురించి చెప్పే పిల్లలకు ఈ పటాల సంగతి కూడా చెప్పొచ్చు.

జీవశాస్త్రం సంగతి వేరే. దాన్ని ఎవరూ నిర్లక్ష్యం చేయరు, కానీ చదివే తీరులోనే తేడా. శ్వాసక్రియ, రక్త ప్రసరణ, విసర్జన అన్న పదో తరగతి పాఠాలు నర్సింగ్ మొదటి ఏడాది శరీర శాస్త్రానికి నేరుగా ముందు మెట్టు. వాటిని ప్రశ్నల బ్యాంకులోంచి కాకుండా ఒంటి మీద చదవవచ్చు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టడం, నిద్రపోతున్న చెల్లెలి పొట్ట ఎగిసిపడటం చూస్తూ ఊపిరి లెక్కపెట్టడం ఖర్చు లేని పనులు. ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు చంటిపిల్లలకు న్యుమోనియా ఉందేమో అనుమానించేది ఈ లెక్కతోనే. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది, పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు కాబట్టి పూర్తి నిమిషం చూడాలి. ఇలా చూసినదాన్ని టైముతో సహా రాసిపెట్టే అలవాటు పదిహేనేళ్లకే అబ్బితే వార్డులో కేసు షీటు రాయడం కొత్తగా అనిపించదు. ఆసుపత్రిలో పనంతా రాతలోనే నిలుస్తుంది. రోగి ఎంత తాగాడు, ఎంత మూత్రం పోశాడు, ఏ మందు ఏ టైముకు పడింది అన్నది రాయకపోతే, తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ల దృష్టిలో అది జరగనట్టే.

ఆ రాత ఇంగ్లీషులో ఉంటుంది, మాట తెలుగులో ఉంటుంది. కాబట్టి భాష విషయంలో నర్సుకు రెండు పడవల మీద కాలు తప్పదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల బీఎస్సీ మొదటి ఏడాది అనాటమీ పుస్తకం ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకోవడానికి ఎక్కువగా కారణం సైన్సు రాకపోవడం కాదు, పేజీ చదివి అర్థం చేసుకునే వేగం లేకపోవడం. దీనికి స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులు పెద్దగా పనికిరావు. రోజుకు రెండు పేజీలు ఏ విషయమైనా సరే నెమ్మదిగా చదివి, నాలుగు వాక్యాల్లో తిరిగి రాసే అలవాటు పనికొస్తుంది. ఆ అలవాటుకు రెండేళ్లు పడుతుంది కనుకే అది హైస్కూలు పని. అదే సమయంలో ముసలమ్మ చెప్పే మాటను ఓపిగ్గా విని, ‘ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, అన్నం తింటే తగ్గుతుందా పెరుగుతుందా’ అని తెలుగులో తీరుగా అడగగలగాలి. ఛాతీలో నొప్పిని గ్యాస్ అనుకుని గంటల తరబడి ఇంట్లో కూర్చున్న రోగిని ఒక్క సరైన ప్రశ్న ఈసీజీ దాకా తీసుకెళుతుంది. విదేశాలకు పోవాలనుకుంటే భాష ఇంకా కీలకం. అమెరికాలో ఎన్‌సీఎల్‌ఈఎక్స్ పరీక్షను 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో పెడుతున్నారు. అందులో రోగి కథ ఇచ్చి, ఏది ముందు చేస్తావు, ఎందుకు అని అడిగే ప్రశ్నలు బాగా పెరిగాయి. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే ఆ దేశ భాష బీ2 స్థాయి వరకు రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ దేశానికి నర్సులను పంపే కార్యక్రమాలు నడుపుతోంది. అయినా తొమ్మిదో తరగతిలోనే జర్మన్ మొదలుపెట్టించే తల్లిదండ్రులకు తొందరొద్దని చెప్పాలి. ముందు చదవగలిగే అలవాటు, తర్వాతే ఏ భాషైనా.

పనిని ముందే రుచి చూడటం గురించి అమెరికా, బ్రిటన్ ఉదాహరణలు తరచుగా చెబుతారు. అమెరికాలో 1987 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో నర్స్ ఎయిడ్‌గా చేయాలంటే కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి, అందులో 16 గంటలైనా పర్యవేక్షణలో చేతి పని ఉండాలి. హైస్కూలు చదువుతూనే ఈ శిక్షణ ఇప్పించే బడులు అక్కడ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి ఆరోగ్య రంగంలో నడుస్తున్న టి లెవెల్ కోర్సుల్లో కనీసం 315 గంటలు నిజమైన పనిచోట గడపాలి. అక్కడి మన తెలుగు కుటుంబాల పిల్లలు సెలవుల్లో ఇలాంటి చోట్ల స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం నేర్చుకుంటున్నారు, ఇక్కడి మన పిల్లలు మాత్రం పుస్తకాలకే అతుక్కుపోతున్నారు అని దెప్పుతారు. పోలికలో కొంత నిజముంది. మరుగునపడే సంగతి ఏమిటంటే, అమెరికా పిల్ల ఆ 75 గంటల శిక్షణ తీసుకున్నా హైస్కూల్లో గణితం, సైన్సు, ఇంగ్లీషు వదిలిపెట్టదు. చేతి పని చదువుకు అదనం, బదులు కాదు. మన దగ్గర ఒకేషనల్ అంటే చదువు దారి మళ్లించడం. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా చేతివృత్తులు చూపించాలని, వృత్తి విద్యను మామూలు చదువుతో కలపాలని రాసింది. ఆ పది రోజుల్లో రెండు పూటలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇచ్చినా నర్సింగ్ మీద పిల్లల భ్రమలు, భయాలు రెండూ సగం తగ్గుతాయి.

దీనికి డాక్టర్లు చెప్పే అభ్యంతరం న్యాయమైనదే. రోగి గదిలోకి పద్నాలుగేళ్ల పిల్లలను పంపితే రోగి మర్యాద ఏమవుతుంది, సూది గుచ్చుకుంటే ఎవరిది బాధ్యత? అందుకే వార్డులోకి పంపక్కర్లేదు. టీకాల రోజున వరుసలో నిలబడే తల్లులకు కుర్చీలు వేయడం, బిడ్డల బరువు నమోదు చేసే పుస్తకం చూడటం, టీకాలు పెట్టే చల్లని పెట్టెలో ఉష్ణోగ్రత ఎందుకు చూస్తారో అడగడం చాలు. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులుగా, పిల్లలు ఆరోగ్య సందేశకులుగా ఉండాలన్నది ప్రభుత్వ ఆలోచన. కాగితం మీద ఉన్న ఆ పదవికి నర్సు కావాలనుకునే పిల్లను పెడితే కాస్త ప్రాణం వస్తుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కే పద్ధతి బొమ్మ మీద నేర్పడానికి వైద్య కళాశాల అక్కర్లేదు.

ఒంటి సంగతి ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఇక్కడ చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎనిమిది గంటలు కాళ్ల మీద నిలబడి, రోగులను పక్కకు తిప్పి, నెలలో కొన్ని రాత్రులు నిద్రకాచే పనికి వెళ్లబోయే పిల్ల బడిలో ఇచ్చే వారానికో ఐరన్ మాత్రను బాత్రూంలో పారేయడం మామూలైపోయింది. కడుపులో తిప్పినట్టుంటే అన్నం తిన్నాక వేసుకుంటే సరిపోతుంది. ఈ వృత్తికి శారీరక తయారీ అంటే ఇంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

పదిహేనేళ్ల పిల్లకు తనకేం కావాలో ఏం తెలుసు, ఇప్పుడే నర్సింగ్ అని ముద్ర వేయడం అన్యాయం కాదా అన్నది ఇంకో వైపు నుంచి వచ్చే ప్రశ్న. ముద్ర వేస్తే అన్యాయమే. పైన చెప్పిన తయారీలో ఒక్కటి కూడా నర్సింగ్ వదిలేస్తే వ్యర్థమయ్యేది కాదు. అనుపాతం, ఇంగ్లీషు చదువు, గమనించి రాయడం, ప్రథమ చికిత్స ఏ పనికి పోయినా పనికొచ్చేవే. వృత్తిని ముందే గట్టిగా కట్టేసే కోర్సులకూ, వృత్తికి పనికొచ్చే మామూలు చదువుకూ ఇక్కడే తేడా. మొదటిది పిల్ల మనసు మారదనే పందెం మీద నడుస్తుంది, రెండోదానికి ఆ పందెం అక్కర్లేదు.

జీతం ప్రశ్నను తప్పించుకుంటే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. ఇంత తయారీ చేసి, నాలుగేళ్లు చదివి, ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా కంటే కాస్త ఎక్కువ జీతానికి చేరడానికా అని పిల్ల తండ్రి అడిగితే తప్పు పట్టలేం. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలని, 50 పడకల లోపు వాటిలోనూ నెలకు 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. దాన్ని అమలు చేసే బాధ్యత రాష్ట్రాలది. కేరళ నర్సులు సమ్మెలు చేసి 2018లో 20 వేల కనీస వేతన ఉత్తర్వు తెచ్చుకున్నారు. మన రాష్ట్రాల్లో ఆ సిఫార్సు చాలా ఆసుపత్రుల గుమ్మం దాటలేదు. ఇది చేదు నిజం, పిల్లకు దాచకూడదు. అయితే ఇదే నిజం రెండో వైపు కూడా చూపిస్తుంది. తక్కువ జీతం ఎక్కువగా పడేది ఎప్పుడైనా తీసేయగలిగిన, ఇంకో చోటికి పోలేని అర్హతల వాళ్ల మీద. తెలంగాణ ప్రభుత్వం 2023లో రాత పరీక్ష పెట్టి దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులను తీసుకున్నప్పుడు ఆ పరీక్ష రాయగలిగినవాళ్లు జీఎన్ఎం, బీఎస్సీ వాళ్లే. 1946లో భోర్ కమిటీ లెక్కవేసినప్పుడు బ్రిటిష్ ఇండియాలో సుమారు 43 వేల మందికి ఒక నర్సు ఉండేది. ఆ దారుణం ఇప్పుడు లేదు, కానీ కొరత తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో 2.98 కోట్ల నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది తక్కువ. 2023 కేంద్ర బడ్జెట్ కొత్త వైద్య కళాశాలల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు ప్రకటించింది. కొరత ఉన్నంత మాత్రాన జీతం దానంతటదే పెరగదు. కొరతను బేరంగా వాడుకోగలిగేది ఊరు మారగలిగిన, పరీక్ష రాయగలిగిన, చదివి అర్థం చేసుకోగలిగిన నర్సు.

అబ్బాయిల గురించి ఒక మాట. మగ నర్సులంటే ఇంకా నవ్వుకునే ఇళ్లున్నాయి గానీ అత్యవసర విభాగాలు, మానసిక వైద్య వార్డులు వాళ్లను కోరి తీసుకుంటాయి. ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు అని 2019లో నిర్ణయించారు. కొన్ని ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు అమ్మాయిలకే ఉంటాయి. అబ్బాయి బైపీసీలో చేరకముందే ప్రవేశ ప్రకటన ఒకటి చదివి ఆ సంగతి తేల్చుకోవాలి.

మన రాష్ట్రాల్లో ఈ మాటలన్నీ పిల్లకు బడి చెప్పకపోతే దళారి చెబుతాడు. ఫలితాలు వచ్చిన రోజుల్లోనే అతను ఊళ్లోకి దిగుతాడు. పొరుగు రాష్ట్రంలో సీటు, హాస్టల్ ఉచితం, స్కాలర్‌షిప్ ఖాయం, జర్మనీ గ్యారంటీ అని అన్నీ ఒక్క ఊపులో చెప్పి ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుపోతాడు. తర్వాత కాలేజీకి క్లినికల్ శిక్షణ ఇప్పించే ఆసుపత్రే లేదని తెలిసినా, ఆ సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోవడానికి ఏడాది ఫీజు కట్టాల్సి వస్తుంది. బడి తన మాట అంతకుముందే, పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలు అయిన వెంటనే, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి. ఆ సమావేశంలో పీహెచ్‌సీ స్టాఫ్ నర్సును పిలిచి ఆమె జీతం, డ్యూటీ టైములు, చదువు దారి ఉన్నదున్నట్టు చెప్పిస్తే చాలు, ఇంకో వక్త అక్కర్లేదు. దళారి వచ్చినప్పుడు అడగడానికి మూడు ప్రశ్నలు చేతిలో పెట్టాలి. ఈ ఏడాదికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నాయా? క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో, అందులో ఎన్ని పడకలు? అక్కడ పాసైతే మన రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు ఏమేం కాగితాలు కావాలి? కాగితం మీద జవాబు వచ్చేదాకా ఫీజు కట్టకూడదు, ఒరిజినల్స్ చేతికివ్వకూడదు.